దావీదు రాజ్యప్రాప్తి

దావీదు రాజ్యప్రాప్తి అనేది ప్రాచీన ఇశ్రాయేలు దేశంలో ఒక గొర్రెల కాపరి రాజుగా ఎదిగిన వృత్తాంతం. ఇది బైబిలు పాత నిబంధనలోని సమూయేలు మొదటి గ్రంథం 16వ అధ్యాయం నుండి సమూయేలు రెండవ గ్రంథం 5వ అధ్యాయం వరకు విస్తరించి ఉన్నది. దావీదు కాలం సుమారు క్రీ.పూ. 1000 ప్రాంతమని సాధారణంగా భావిస్తారు. యూదులు, క్రైస్తవులు దావీదును దైవభక్తి గల రాజుకు ఉదాహరణగా పేర్కొంటారు. ముస్లిములు ఇతనిని దావూద్ ప్రవక్తగా గౌరవిస్తారు. అధికారం తనకు రావలసి ఉన్నదని తెలిసిన మనిషి, అది వచ్చేవరకు ఎలా నడుచుకోవాలి అన్నదే ఈ వృత్తాంతంలోని ముఖ్యమైన ప్రశ్న. తెలంగాణలోని నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతాల క్రైస్తవులలో అనేకులు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలకు చెందినవారు కావడం వల్ల, ఈ యుద్ధవీరుని కథకు అక్కడ ఒక ప్రత్యేకత ఏర్పడింది.

నేపథ్యం

ఇశ్రాయేలీయులకు మొదట రాజులు లేరు. ఆపద వచ్చినప్పుడు న్యాయాధిపతులు వారిని నడిపించేవారు. చుట్టుపక్కల జనాల వలె తమకూ ఒక రాజు కావాలని ప్రజలు కోరినప్పుడు, ప్రవక్తయైన సమూయేలు వారిని హెచ్చరించాడు. రాజు వారి కుమారులను రథాల వద్దకూ పొలం పనులకూ, కుమార్తెలను వంటపనికీ తీసుకుంటాడనీ, మంచి పొలాలను తన సేవకులకు ఇస్తాడనీ, పంటలోనూ మందలోనూ పదవ వంతు పుచ్చుకుంటాడనీ వివరించాడు. ప్రజలు వినలేదు. సౌలు తొలి రాజయ్యాడు.

ద్వితీయోపదేశకాండం 17వ అధ్యాయంలో రాజుకు కొన్ని నియమాలు ఉన్నాయి. అతడు గుర్రాలను, భార్యలను, వెండి బంగారాలను విస్తారంగా సంపాదించరాదు. ధర్మశాస్త్రపు ప్రతిని వ్రాసుకొని నిత్యం చదవాలి. తన సహోదరుల కంటె తాను గొప్పవాడనని గర్వించరాదు. అనగా ఇశ్రాయేలులో రాజు ధర్మానికి పైవాడు కాడు, లోబడినవాడు. దావీదు కథను ఈ కొలతతోనే చదవవలసి ఉన్నది.

వృత్తాంతం

సౌలు దేవుని ఆజ్ఞ మీరిన తరువాత సమూయేలు బేత్లెహేము వెళ్ళి, యెష్షయి కుమారులను చూశాడు. పెద్దవారు ఏడుగురూ ఎన్నిక కాలేదు. మందను కాస్తున్న కడపటివాడైన దావీదును పిలిపించి అభిషేకించాడు. అయితే అభిషేకంతో సింహాసనం రాలేదు. దావీదు మరల మంద వద్దకే వెళ్ళాడు. అటుపిమ్మట సితారా వాయించేవానిగా సౌలు కొలువులో చేరాడు. ఫిలిష్తీయుల వీరుడైన గొల్యాతును వడిసెల రాయితో పడగొట్టి ప్రజల మెప్పు పొందాడు. సౌలు కుమారుడు యోనాతాను అతనికి ప్రాణస్నేహితుడయ్యాడు. కుమార్తె మీకాలు భార్య అయినది.

ప్రజాదరణ చూసి సౌలు అసూయ చెంది దావీదును చంపబూనాడు. దావీదు అడవులకూ గుహలకూ పారిపోయాడు. అదుల్లాము గుహ వద్ద ఇబ్బందులలో ఉన్నవారు, అప్పులపాలైనవారు, అసంతృప్తులు సుమారు 400 మంది అతని వద్దకు చేరారు. తరువాత వారి సంఖ్య 600 అయినది.

గిల్బోవ కొండపై జరిగిన యుద్ధంలో సౌలు, అతని ముగ్గురు కుమారులు మరణించారు. యూదా గోత్రంవారు హెబ్రోనులో దావీదును రాజుగా అభిషేకించారు. మిగిలిన గోత్రాలు సౌలు కుమారుడైన ఇష్బోషెతు పక్షాన ఉన్నాయి. ఇష్బోషెతు మరణానంతరం ఇశ్రాయేలు పెద్దలందరూ హెబ్రోనుకు వచ్చి, దావీదుతో నిబంధన చేసుకొని అతనిని అభిషేకించారు. అప్పటికి అతడు హెబ్రోనులో 7 సంవత్సరాల 6 నెలలు పాలించాడు. తరువాత యెరూషలేమును పట్టుకొని అక్కడ 33 సంవత్సరాలు పాలించాడు. పాలన ప్రారంభించినప్పుడు అతని వయస్సు 30 సంవత్సరాలు.

నాయకత్వ పాఠాలు

అధికారాన్ని లాక్కొనకుండుట: ఏన్గెదీ అరణ్యంలో దావీదు దాగి ఉన్న గుహలోనికే సౌలు ఒంటరిగా వచ్చాడు. అనుచరులు ఇదే దేవుడిచ్చిన సమయమన్నారు. దావీదు అతని వస్త్రపు చెంగును మాత్రమే కోశాడు. దానికి కూడా తరువాత మనస్సులో నొచ్చుకున్నాడు. మరొకసారి రాత్రివేళ సౌలు శిబిరంలోనికి వెళ్ళి అతని ఈటెను, నీళ్ళ బుడ్డిని తీసుకొని వచ్చాడేగాని చంపలేదు. తనకు రావలసిన పదవి అయినా దానిని హత్యతో సంపాదించరాదని అతని నిశ్చయం. ఇక్కడ గమనించదగిన విషయం మరొకటి ఉన్నది. అవకాశం దొరకడమే దేవుని చిత్తానికి గుర్తు అన్న అనుచరుల వాదాన్ని దావీదు అంగీకరించలేదు.

సలహా వినుట: నాబాలు అనే ధనవంతునికి 3,000 గొర్రెలు, 1,000 మేకలు ఉండేవి. అతని కాపరులకు దావీదు మనుషులు రక్షణగా నిలిచారు. గొర్రెల బొచ్చు కత్తిరించే పండుగనాడు ఆహారం అడిగితే నాబాలు అవమానించి పంపాడు. దావీదు ఆగ్రహంతో అతని ఇంటి మగవారినందరినీ చంపడానికి బయలుదేరాడు. నాబాలు భార్య అబీగయీలు ఎదురువెళ్ళి, కారణం లేకుండా చిందించిన రక్తం రేపు రాజైననాడు మనస్సును బాధిస్తుందని నచ్చచెప్పింది. దావీదు ఆమెకు కృతజ్ఞత తెలిపి వెనుదిరిగాడు. సౌలు విషయంలో సహనం చూపినవాడే ఇక్కడ సహనం కోల్పోయాడు. అతనిని కాపాడినది తన గుణం కాదు, ఒక స్త్రీ చెప్పిన మాట.

సమభాగం పంచుట: అమాలేకీయులు సిక్లగు ఊరిని తగులబెట్టి కుటుంబాలను చెరపట్టినప్పుడు దావీదు వారిని వెంబడించాడు. అలసిపోయిన 200 మంది బెసోరు వాగు వద్ద సామాను కాస్తూ ఆగిపోయారు. విజయం తరువాత, యుద్ధానికి రానివారికి సొమ్ములో పాలు లేదని కొందరు వాదించారు. యుద్ధానికి వెళ్ళినవానికీ, సామాను కాచినవానికీ సమభాగమేనని దావీదు కట్టడ చేశాడు.

నేరంతో వచ్చిన లాభాన్ని తిరస్కరించుట: సౌలును తానే చంపానని చెప్పి కిరీటం తెచ్చిన అమాలేకీయుని, ఇష్బోషెతు తలను తెచ్చిన ఇద్దరిని దావీదు బహుమానించక మరణదండన విధించాడు.

వృత్తాంతంలోని చిక్కులు

ఈ కథ దావీదును నిర్దోషిగా చూపదు. నోబు పట్టణంలో అతడు యాజకుడైన అహీమెలెకుతో అబద్ధమాడి రొట్టెలు తీసుకున్నాడు. ఫలితంగా సౌలు ఆజ్ఞతో 85 మంది యాజకులు హతులయ్యారు. ఆ మరణాలకు తానే కారణమని దావీదు ఒప్పుకున్నాడు. తరువాత ఒక సంవత్సరం 4 నెలలు శత్రువులైన ఫిలిష్తీయుల దేశంలో, గాతు రాజు ఆకీషు ఆశ్రయంలో ఉన్నాడు. అక్కడినుండి చేసిన దాడులలో, సమాచారం బయటపడకుండా స్త్రీపురుషులను ఎవరినీ బ్రతుకనీయలేదని గ్రంథం స్పష్టంగా చెబుతున్నది. సేనాధిపతి యోవాబు అబ్నేరును మోసంతో చంపినప్పుడు దావీదు బహిరంగంగా దుఃఖించాడు గాని యోవాబును శిక్షించలేకపోయాడు.

ఆధునిక పండితులలో కొందరు ఈ భాగాన్ని దావీదు పక్షాన వ్రాసిన సమర్థనగా భావిస్తారు. సౌలు వంశంవారి మరణాలలో దావీదుకు చేయి లేదని కథ మాటిమాటికీ చెప్పడం, అటువంటి అనుమానం ఆనాడు ఉండేదనడానికి సూచన అని వారి అభిప్రాయం. క్రీ.పూ. 13వ శతాబ్దపు హిట్టైట్ రాజు మూడవ హట్టుసిలి తన రాజ్యప్రాప్తిని సమర్థించుకొంటూ వ్రాయించిన లేఖనంతో దీనిని పోల్చుతారు. అయితే కేవలం పొగడ్తకోసం వ్రాసిన గ్రంథమైతే నోబు యాజకుల సంగతి, సిక్లగు నుండి చేసిన దాడుల సంగతి ఇందులో ఎందుకు మిగిలాయన్న ప్రశ్న కూడా ఉన్నది.

చారిత్రక ఆధారాలు

1993లో ఉత్తర ఇజ్రాయేలులోని తెల్ దాన్ త్రవ్వకాలలో అరామిక్ భాషలోని ఒక శిలాశాసనపు ముక్క లభించింది. క్రీ.పూ. 9వ శతాబ్దానికి చెందిన ఈ శాసనంలో దావీదు వంశం ప్రస్తావన ఉన్నదని అత్యధిక పండితుల అభిప్రాయం. కావున దావీదు పేరిట ఒక రాజవంశం ఉండేదని భావిస్తున్నారు. గుహలు, పలాయనాలు, సంభాషణలు మొదలైన వివరాలకు బైబిలు తప్ప వేరు ఆధారం లేదు.

పాలమూరు ప్రాంతంలో

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11 నుండి వేర్వేరు జిల్లాల కేంద్రాలైనవి. మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీ డేనియల్ బెర్గ్‌తోల్డ్ 20వ శతాబ్దపు తొలి దశకంలో నాగర్‌కర్నూలులో మిషన్ కేంద్రాన్ని నెలకొల్పాడు. తరువాత వనపర్తిలో కేంద్రం ఏర్పడింది. గద్వాలలో మొదట అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనిచేయగా, పిమ్మట ఆ ప్రాంతం మెన్నొనైట్ బ్రదరెన్ వారికి అప్పగించబడింది. ఈ సంఘాల సభ్యులలో అత్యధికులు దళిత కుటుంబాలవారు.

ఈ ప్రాంత పాఠకులకు కథలోని అనేక విషయాలు కొత్తవి కావు. గొర్రెల మంద, కాపరి కర్ర, జొన్నచేలలో మంచెపై నిలిచి పిట్టలను తోలే వడిసెల పాలమూరు జీవితంలోనివే. గద్వాల, వనపర్తి నిజాముకు లోబడిన సంస్థానాలుగా ఉండేవి. హైదరాబాదు రాజ్యంలో వెట్టిచాకిరీని అనుభవించిన కుటుంబాలకు, రాజు ఏమేమి తీసుకుంటాడో చెప్పిన సమూయేలు హెచ్చరిక విడమరచి చెప్పనవసరం లేనిది. అప్పులపాలై గుహకు చేరిన మనుషులతో ఒక రాజ్యం మొదలైనదనడం కూడా వారికి అర్థవంతమైన విషయమే.

మెన్నొనైట్లు 16వ శతాబ్దంలో మెన్నో సైమన్స్ (1496-1561) పేరుమీదుగా ఏర్పడిన శాంతివాద క్రైస్తవులు. వారిలో నుండి 1860లో దక్షిణ రష్యాలో మెన్నొనైట్ బ్రదరెన్ శాఖ వెలసింది. ఆయుధం పట్టరాదన్న సంప్రదాయం గల సంఘానికి యుద్ధవీరుడైన దావీదు ఆదర్శం కావడం సులభం కాదు. అయితే ఈ వృత్తాంతంలో దావీదు గొప్పతనం కనిపించే ఘట్టాలు అనేకం అతడు కత్తి దూయని ఘట్టాలే: ఏన్గెదీ గుహ, సౌలు శిబిరం, అబీగయీలు మాట విని వెనుదిరిగిన దారి. అతడు విస్తారంగా రక్తం చిందించినందున దేవాలయ నిర్మాణానికి అర్హుడు కాలేదని దినవృత్తాంతముల మొదటి గ్రంథం చెబుతున్నది. ఆ పని కుమారుడైన సొలొమోనుకు దక్కింది.

రాజైన తరువాత దావీదు తన సైనికుడైన ఊరియా భార్య బత్షెబను అపహరించి, ఊరియాను యుద్ధంలో చంపించాడు. గుహలో శత్రువు ప్రాణం తీయనివాడు, సింహాసనంపై కూర్చుని తనకు నమ్మకస్థుడైనవాని ప్రాణం తీశాడు. నాతాను ప్రవక్త వచ్చి ఎదుట నిలిచి ఖండించినప్పుడు దోషాన్ని ఒప్పుకున్నాడు. పదవి కోసం వేచి ఉన్ననాటి నిగ్రహం, పదవిలో తనంతట తాను నిలువదనీ, అందుకే రాజుకు ధర్మశాస్త్రం, దానిని గుర్తుచేసే మనిషి రెండూ కావాలనీ సమూయేలు గ్రంథాలవల్ల తెలుస్తున్నది.