మధుమేహం – నేత్రపటలం

బరంపురంలోని లంజిపల్లిలో ఒక తాతగారికి పదిహేనేళ్లుగా మధుమేహం ఉందనుకుందాం. ఆయన పత్రిక చక్కగా చదువుతారు. మరి కంటి పరీక్ష ఎందుకు?

కంటి లోపల వెనుకవైపు ఉండే పలుచని పొర నేత్రపటలం. మధుమేహం వల్ల దానిలోని సన్నని రక్తనాళాల గోడలు బలహీనపడి, రక్తంలోని నీరు, కొవ్వు బయటికి ఊరుతాయి. నీరు ఇంకిపోయినా కొవ్వు పసుపుపచ్చని మచ్చలుగా మిగులుతుంది. రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నవారిలో ఈ మచ్చలూ ఎక్కువే. అవి నేత్రపటలం నడుమ పేరుకుంటే గాని చూపు మసకబారదు. చిక్కంతా ఇక్కడే! చుక్కల మందు వేసి, కంటిపాప విప్పారాక చూస్తే వైద్యునికి అవి ముందే కనబడతాయి. బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రిలో నేత్ర విభాగం ఉంది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫిన్లాండ్ దేశాలలో 9,795 మంది మధుమేహ రోగులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2005లో వెలువడ్డాయి. కొవ్వును తగ్గించే ఫెనోఫైబ్రేట్ మందు వాడినవారిలో కంటికి లేజర్ చికిత్స అవసరం సుమారు మూడోవంతు తగ్గింది. విచిత్రమేమంటే, రక్తంలో కొవ్వు తగ్గడమే ఇందుకు కారణమని తేలలేదు. ఆ మందు నేత్రపటలం మీద వేరొక విధంగా కూడా పనిచేస్తూ ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.