పెంచి పంపించే క్లబ్బులు: ఇటలీ ఫుట్‌బాల్‌పై కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫ్లోరెన్స్‌కూ పీసాకూ మధ్య ఎంపోలి అనే ఊరుంది. జనాభా సుమారు 50 వేలు. ఇటలీ అగ్రశ్రేణి లీగు అయిన సెరీ ఎలో పేరు తెచ్చుకున్నవాళ్ళలో ఆ ఊరి క్లబ్బు మీదుగా వెళ్ళినవాళ్ళు ఎందరో ఉన్నారు: మోంటెల్లా, ది నతాలే, రుగాని, జెలిన్‌స్కీ, బెన్నసేర్, డి లొరెంజో, రిచ్చీ, అస్లానీ. వీళ్ళలో ఒక్కరూ అక్కడే ఉండిపోలేదు. బదిలీల గడువు దగ్గరపడినప్పుడల్లా మన ఫుట్‌బాల్ అభిమానుల్లో ఒక మాట వినిపిస్తుంది: “పెంచడం, అమ్ముకోవడం. ఇదేం క్లబ్బు?” ఆ మాటలో జాలి ఉంది, చిన్నచూపూ ఉంది. ఇటలీ చిన్న క్లబ్బులకు ఆ రెండూ అక్కర్లేదని నా గట్టి నమ్మకం. ఆ చిన్నచూపు వెనకున్న అపోహల్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: పలికిన ధర ఆటగాడి జేబులోకే వెళ్తుంది.

ఐపీఎల్ వేలం చూసి అలవాటైనవాళ్ళకు ఈ పొరపాటు సహజం. అక్కడ పాడిన మొత్తమే ఆటగాడి జీతం. ఫుట్‌బాల్లో బదిలీ సొమ్ము అమ్మిన క్లబ్బుకు చెందుతుంది. ఆటగాడి జీతం కొత్త క్లబ్బుతో వేరే ఒప్పందం. కాబట్టి టికెట్ల రాబడి, టీవీ వాటా తక్కువగా ఉన్న ఊరికి ఒక కుర్రాడి బదిలీయే ఆ ఏటి పెద్ద ఆదాయం కావచ్చు.

అపోహ: తారలు తయారయ్యేది మిలాన్, జువెంటస్‌ల అకాడమీల్లోనే.

జువెంటస్ అనగానే గుర్తొచ్చే షిరేయా బెర్గమోలోని అటలాంటా అకాడమీ కుర్రాడు. మిలాన్ స్వర్ణయుగంలో ఆడిన దొనదోనీ అక్కడివాడే. పిర్లో 1995లో పదహారేళ్ళ వయసులో బ్రేషా తరఫున సెరీ ఎలో అడుగుపెట్టాడు. పాతికేళ్ళ తర్వాత అదే బ్రేషా నుంచి టోనాలి మిలాన్‌కు వెళ్ళాడు. ఇంటర్ రక్షణకు ఇవాళ మూలస్తంభంగా ఉన్న బాస్తోనీ చిన్నపిల్లాడిగా అటలాంటాలో చేరి, 2017లో సుమారు 3 కోట్ల యూరోలకు అమ్ముడయ్యాడు. అప్పటికి అతను సెరీ ఎలో ఆడిన మ్యాచ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

పెద్ద క్లబ్బులకు మైదానాలు, శిక్షకులు, వైద్యులు తక్కువేమీ కాదు. అక్కడ దొరకనిది ఆదివారం మ్యాచ్‌లో చోటు. నాలుగు ఓటములకు కోచ్ ఉద్యోగం పోయే చోట పద్దెనిమిదేళ్ళవాడు ఒక తప్పు చేసి, మళ్ళీ వారం కూడా ఆడగలగడం అరుదు. చిన్న క్లబ్బుకు ఖరీదైన ప్రత్యామ్నాయం లేదు, అందుకే ఆడిస్తుంది. 2011–12లో రెండో అంచె అయిన సెరీ బిలో ఉన్న పెస్కారా సంగతే చూడండి. జెమాన్ శిక్షణలో సొంత ఊరి వెరాటి మధ్యవరుసను నడిపాడు. ముందువరుసలో ఇన్సీన్యే, ఇమ్మోబిలే. ఆ ఏడు సెరీ బి టైటిల్ గెలిచారు. వెరాటి సెరీ ఎలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే పందొమ్మిదేళ్ళకు పారిస్‌ వెళ్ళిపోయాడు.

అటలాంటా యువ విభాగాన్ని రెండు దశాబ్దాలకు పైగా నడిపిన మీనో ఫవీని పేరు ఇటలీ బయట ఎక్కువమందికి తెలియదు. తెలియాల్సిన పేరు. గోల్స్ కొట్టిన ఎందరికో విగ్రహాలున్నాయి కానీ పదేళ్ళ పిల్లాడిలో రేపటి ఆటగాణ్ణి చూసిన మనుషుల గురించి రాసేవాళ్ళు తక్కువ.

అపోహ: చిన్న క్లబ్బులో మెరిసిన ప్రతి కుర్రాడూ ఆ ఊరి అకాడమీ బిడ్డే.

పైన చెప్పిన పెస్కారాలోనే ఇన్సీన్యే నాపోలి నుంచి, ఇమ్మోబిలే జువెంటస్ నుంచి లోను మీద వచ్చినవాళ్ళు. ఎంపోలిలో ఆడినప్పుడు జెలిన్‌స్కీ ఉడినేసే ఆటగాడు. లోను ముగిశాక కుర్రాడు సొంత గూటికి వెళ్ళిపోతే చిన్న క్లబ్బుకు మిగిలేదేమిటి? చాలా ఒప్పందాల్లో అతన్ని ఆడించి విలువ పెంచినందుకు సొంత క్లబ్బు ప్రత్యేకంగా కొంత సొమ్ము చెల్లిస్తుంది. అంటే ఆడే అవకాశానికీ ఇటలీలో ఒక ధర ఉంది.

అపోహ: అమ్మకుండా అట్టిపెట్టుకుని ఉంటే వీళ్ళూ గెలిచేవాళ్ళు.

దీనికి జవాబు విచెంజాలో ఉంది. ఇటలీలో ఒకప్పుడు ఉమ్మడి యాజమాన్యం అనే పద్ధతి ఉండేది. ఒక ఆటగాడి హక్కుల్లో రెండు క్లబ్బులకు చెరి సగం. గడువులోగా రాజీ కుదరకపోతే ఇద్దరూ సీల్డు కవర్లలో ధర రాసివ్వాలి, ఎక్కువ రాసినవాడిదే ఆటగాడు. 1976లో పావొలో రోసీ ఇలాగే జువెంటస్ నుంచి విచెంజాకు వచ్చాడు. బక్కపలచని మనిషి, అప్పటికే మోకాళ్ళకు శస్త్రచికిత్సలు. వింగ్ మీద ఆడేవాణ్ణి కోచ్ ఫాబ్రి మధ్యలోకి తెచ్చాడు. మొదటి ఏడు సెరీ బి దాటారు. రెండో ఏడు, 1977–78లో, రోసీ 24 గోల్స్‌తో సెరీ ఎ టాప్ స్కోరర్ అయ్యాడు. అప్పుడే పైకొచ్చిన విచెంజా జువెంటస్ తర్వాత రెండో స్థానంలో నిలిచింది.

1978లో కవర్లు విప్పారు. జువెంటస్ రాసింది 87.5 కోట్ల లీరాలు. విచెంజా అధ్యక్షుడు ఫరీనా రాసింది 261.2 కోట్లు, అదీ సగం వాటాకే. దేశమంతా గగ్గోలైంది. ఆటగాడికి ఇంత వెల కట్టడాన్ని నిరసిస్తూ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు కర్రారో రాజీనామా చేశాడు. రోసీ విచెంజాలోనే ఉండిపోయాడు, ఊరు పండగ చేసుకుంది. మరుసటి సీజన్లో ఆ జట్టు సెరీ బికి పడిపోయింది. రోసీని పెరూజాకు లోను మీద పంపాల్సి వచ్చింది. ఫరీనా తన కుర్రాణ్ణి ప్రేమించాడు, అందులో సందేహం లేదు. కానీ ఆ ప్రేమకయిన ఖర్చు ఊరి స్థోమతను మించిపోయింది.

అటలాంటా దీనికి ఎదురు దారి. 2017 జనవరిలో గలియార్దీనీని, ఆ వేసవిలో కెస్సీని, కొంతీని, బాస్తోనీని వరసగా పంపింది. అదే ఏడు బెర్గమో పురపాలక సంస్థ నుంచి స్టేడియాన్ని కొనుక్కుంది. 2020 జనవరిలో కులుసెవ్‌స్కీని 3.5 కోట్ల యూరోలకు జువెంటస్‌కు ఇచ్చింది. అతను అటలాంటా తరఫున సెరీ ఎలో ఆడింది మూడే మ్యాచ్‌లు. 2024 మేలో డబ్లిన్‌లో, అప్పటికి 51 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని లెవర్కూసెన్‌ను 3–0తో ఓడించి యూరోపా లీగ్ గెలిచింది. ఆ రాత్రి ఆడిన రుజ్జేరి అకాడమీ కుర్రాడే అయినా, జట్టులో ఎక్కువమంది బయట కొన్నవాళ్ళు. పంపినవాళ్ళ సొమ్ముతో ఏం చేశారన్నదే తేడా తెచ్చింది.

అపోహ: పెద్ద ధర అంటే పెద్ద లాభం, పెద్ద లాభం అంటే ఆరోగ్యం.

ఇక్కడ కొంచెం లెక్కల్లోకి వెళ్ళక తప్పదు. బయట కొన్న ఆటగాడి ధరను ఒప్పందకాలం మీద ఏటా కొంత తరుగు వేస్తారు. కోటి యూరోలకు ఐదేళ్ళ ఒప్పందంతో కొన్నవాణ్ణి మూడేళ్ళ తర్వాత 1.2 కోట్లకు అమ్మితే, పుస్తకాల్లో ఇంకా మిగిలిన 40 లక్షలు పోను 80 లక్షలు లాభం. సొంత అకాడమీ కుర్రాడికి కొన్న ధరే ఉండదు కాబట్టి దాదాపు మొత్తం లాభంగా కనిపిస్తుంది. పుస్తకంలోని లాభం ఆ రోజే పెట్టెలో పడదు. సొమ్ము తరచూ వాయిదాల్లో వస్తుంది.

ఈ వెసులుబాటును కొందరు దుర్వినియోగం చేశారు. ఎవరికీ తెలియని కుర్రాళ్ళకు భారీ విలువలు వేసి ఒకరికొకరు మార్చుకుంటే రెండు క్లబ్బుల పుస్తకాలూ లాభం చూపిస్తాయి, పైసా చేతులు మారదు. చెజేనాతో జరిపిన ఇలాంటి మార్పిళ్ళకు 2018లో కియేవోకు మూడు పాయింట్ల కోత పడింది. చెజేనా ఆ ఏడే దివాలా తీసింది. కియేవో 2021లో వృత్తి ఫుట్‌బాల్ నుంచే వెళ్ళిపోయింది. అమ్మకాల మీద నాకున్న అసలు అభ్యంతరం ఇదే. కుర్రాడి ఎదుగుదల చూసి కాక, జమాఖర్చుల గడువు చూసి అతని భవిష్యత్తు తేల్చడం అన్యాయం.

అపోహ: మొట్టమొదట బంతి తన్నడం నేర్పిన ఊరి క్లబ్బుకు దక్కేది సున్నా.

సున్నా కాదు. దేశాలు దాటే బదిలీల్లో ధరలో 5 శాతం, ఆటగాడు 12 నుంచి 23 ఏళ్ళ మధ్య ఆడిన క్లబ్బులకు పంచాలన్నది ఫిఫా నియమం. కోటి యూరోల బదిలీ జరిగితే అతన్ని 12 నుంచి 15 ఏళ్ళ దాకా చూసుకున్న క్లబ్బుకు లక్ష యూరోలు. చర్చి వెనక మైదానంలో స్వచ్ఛందంగా నడిచే క్లబ్బుకు అది చిన్న మొత్తం కాదు.

అపోహ: కుర్రాళ్ళు పాతికేళ్ళదాకా క్లబ్బుకు కట్టుబడి ఉండాలి.

ఇది ఒకప్పటి నిజం. ఔత్సాహిక క్లబ్బుల్లో ఆ కట్టు నిజంగానే ఉండేది. క్రీడాచట్టం సంస్కరణతో 2023 నుంచి దశలవారీగా తొలగింది. ఆలస్యమైనా మంచి పని.

అపోహ: ఇరవై ఏళ్ళకు గుర్తింపు రాకపోతే ఇక రాదు.

2015లో రెజీనా క్లబ్బు మూతపడినప్పుడు డి లొరెంజోకు సుమారు 22 ఏళ్ళు. పైసా బదిలీ సొమ్ము లేకుండా మూడో అంచెలోని మతేరాకు వెళ్ళాడు. 2017లో సెరీ బిలో ఉన్న ఎంపోలి అతన్ని తీసుకుంది. 2019లో నాపోలి కొంది. 2021లో ఇటలీతో యూరో కప్పు, 2023లోనూ 2025లోనూ నాపోలి కెప్టెన్‌గా లీగు టైటిల్.

అపోహ: మంచి అకాడమీ ఉంటే క్లబ్బుకు ఢోకా లేదు.

పిర్లోనూ టోనాలినీ ఇచ్చిన బ్రేషా 1911లో పుట్టిన క్లబ్బు. 2025లో పన్ను చెల్లింపుల వ్యవహారంలో నాలుగు పాయింట్లు పోగొట్టుకుని సెరీ సికి పడింది, అక్కడ నమోదు కూడా చేసుకోలేకపోయింది. ఇప్పుడు ఆ ఊళ్ళో యూనియన్ బ్రేషా అనే వేరే క్లబ్బు ఆడుతోంది. ఇలా ఒక క్లబ్బు పోతే అందులోని ఆటగాళ్ళ రిజిస్ట్రేషన్లు రద్దవుతాయి, అకాడమీ పిల్లలు వేరే చోటు వెతుక్కుంటారు. టోనాలి బ్రేషాకు వచ్చిందీ అలాగే, 2012లో పియచెంజా దివాలా తీసినప్పుడు.