వలస, దేశభద్రత, లౌకిక రాజ్యం: పాతబస్తీ అనుభవం

2020 డిసెంబరు 1న హైదరాబాద్ మహానగర పాలక సంస్థకు ఎన్నికలు జరిగాయి. కాలువలు, రోడ్లు, వీధి దీపాలు చూడవలసిన సంస్థ అది. ఆ అక్టోబరులోనే వరదనీరు పాతబస్తీ ఇళ్ళలోకి చొరబడి వేలాది కుటుంబాలను వీధిపాలు చేసింది. అయినా ఎన్నికల ప్రచారంలో కాలువల మాట వెనుకబడిపోయింది. తమ పార్టీకి మేయరు పదవి దక్కితే పాతబస్తీపై 'సర్జికల్ స్ట్రైక్' జరిపి రోహింగ్యాలను, పాకిస్తానీయులను వెళ్ళగొడతామని నాటి భారతీయ జనతా పార్టీ రాష్ట్రాధ్యక్షుడు బండి సంజయ్ ప్రకటించారు. సరిహద్దు ఆవల శత్రు స్థావరాలపై సైన్యం జరిపే దాడికి పెట్టిన పేరు అది. దానిని పౌరులు నివసించే బస్తీలకు అన్వయించారు. వలస, దేశభద్రత, లౌకికత్వం అనే మూడు ప్రశ్నలూ ఆ ఒక్క మాటలో కలగలిసిపోయాయి. వాటిని విడదీసి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట వలస సంగతి. ఈ నగరమే వలసల వల్ల ఏర్పడింది. గోల్కొండ రాజ్య స్థాపకుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుండి వచ్చినవాడు. హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బు సైనికుల బారక్‌ల వల్లనే బార్కస్‌కు ఆ పేరు వచ్చింది. ఉత్తరాది నుండి కాయస్థులు కొలువులకు వచ్చారు. 1948 పోలీసు చర్య తర్వాత మరాఠ్వాడా జిల్లాల నుండి ఎందరో ముస్లిములు ప్రాణభయంతో ఇక్కడికి చేరారు. స్థానికులెవరు, పరాయివారెవరు అన్న తగవు కూడా ఇక్కడ కొత్తది కాదు. 1919 నాటి ముల్కీ నిబంధనలు దానికి సంబంధించినవే. 1952 సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర కాల్పులకు దారితీసిన ఆందోళన కూడా దానికి సంబంధించినదే. అయితే నాటి వివాదం ఉద్యోగాలను గురించినది. వచ్చినవాని మతాన్ని గురించినది కాదు. మరొక విషయం మనం మరువరాదు. 1970ల నుండి మన ఇళ్ళలోని యువకులు జిద్దా, రియాద్, దుబాయి నగరాలలో పరదేశులుగా బ్రతుకుతున్నారు. అక్కడ వారికి న్యాయం జరగాలని కోరే మనం బాలాపూర్ గుడిసెలలోని శరణార్థి విషయంలో వేరే కొలమానం వాడలేము.

ఇక దేశభద్రత. ఇది కల్పిత సమస్య కాదు. 2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్ళలో 40 మందికి పైగా మరణించారు. ఆ కేసులో 2018లో న్యాయస్థానం దోషులకు శిక్ష విధించింది. నిరపరాధులను చంపినవాడు ఏ మతం పేరు చెప్పుకున్నా అతనిని వెనకేసుకు రావడం ఇస్లాం దృష్టిలో పాపమే. అయితే అదే ఏడాది మే 18న, శుక్రవారం, మక్కా మసీదులో బాంబు పేలి నమాజుకు వచ్చిన తొమ్మిది మంది చనిపోయారు. తరువాత పోలీసు కాల్పులలో అయిదుగురు మరణించారు. ఆపైన ఎందరో పాతబస్తీ యువకులు అరెస్టయి, చివరకు నిర్దోషులుగా విడుదలయ్యారు. ప్రభుత్వం వారికి ఇచ్చిన నష్టపరిహారాన్ని సైతం 2013లో హైకోర్టు రద్దు చేసింది. తరువాత వేరొక బృందంపై మోపిన కేసులో విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ 2018 ఏప్రిల్‌లో న్యాయస్థానం విడుదల చేసింది. మరి మసీదులో బాంబు పెట్టినదెవరు? ఆ కుటుంబాలకు నేటికీ సమాధానం దొరకలేదు. ఒక బస్తీనంతటినీ అనుమానించే భద్రతా విధానం నిజమైన నేరస్థుణ్ణి పట్టుకోలేదని ఈ అనుభవం చెబుతున్నది.

లౌకిక రాజ్యం అవసరం ఇక్కడనే తెలుస్తుంది. లౌకికమంటే మతాన్ని తుడిచివేయడం కాదు. పౌరుని మతాన్ని బట్టి రాజ్యం తన తక్కెడను మార్చకపోవడం. 'లౌకిక' అనే పదం రాజ్యాంగ పీఠికలో 1976లో చేరినప్పటికీ 14, 25 అధికరణాలు మొదటి నుండీ ఉన్నవే. 14, 21 అధికరణాల రక్షణ పౌరులకే కాక ప్రతి వ్యక్తికీ వర్తిస్తుంది. 2021 ఏప్రిల్‌లో జమ్మూ రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు ఈ మాట ఒప్పుకుంటూనే, దేశంలో నివసించే హక్కు పౌరులదేనని, చట్టప్రకారమైన పద్ధతి పాటించకుండా ఎవరినీ పంపరాదని చెప్పింది. ఆ తీర్పు పూర్తిగా నచ్చకపోవచ్చును. కాని నోటీసు, విచారణ, న్యాయస్థానం అనేవి ఒక మార్గం. దాడి అనేది మరొక మార్గం. ఈ రెంటికీ గల తేడాయే లౌకిక రాజ్యానికి ప్రాణం.

మదీనాలో మహాప్రవక్త (స) మక్కా నుండి వచ్చిన ముహాజిర్లను స్థానిక అన్సార్లతో సోదరులుగా కలిపారు. యూదు తెగలతో కుదిరిన ఒప్పందంలో ఎవరి ధర్మం వారిదని, నగర రక్షణ అందరి బాధ్యత అని అంగీకరించారు. దానిని నేటి రాజ్యాంగంతో సమానమనడం పొరపాటు. కాని భద్రతకు, భిన్న మతాల సహజీవనానికి వైరం లేదని అది చూపుతుంది.

ఆ ఎన్నికలలో 150 స్థానాలకు గాను తెరాసకు 56, భాజపాకు 48, మజ్లిస్‌కు 44 లభించాయి. సగం మంది కూడా ఓటు వేయలేదు. భయపెట్టి ఓట్లడిగేవారు ఒక పక్షాననే ఉన్నారని నేననుకోను. భయం చూపి మన ఓటు తీసుకుని, మన కాలువను మరచినవారిని కూడా మనం ప్రశ్నించాలి. వార్త వినగానే నిజానిజాలు విచారించమని అల్ హుజురాత్ సూరా ఆదేశిస్తున్నది. ఒక జాతిపై ద్వేషం సైతం మనలను న్యాయం నుండి తప్పించరాదని అల్ మాయిదా సూరా హెచ్చరిస్తున్నది. ఇతరుల నుండి మనం కోరే న్యాయాన్ని ముందు మన మొహల్లాలోనే పాటించి చూపాలి. అప్పుడే మన కోరికకు బలం చేకూరుతుంది.