కాపీ కొట్టా.. ఖాతా ఖాళీ!

పరీక్షలో పక్కోడి పేపర్ చూసి రాస్తే వాడికెన్ని మార్కులొస్తాయో మనకూ దాదాపు అన్నే వస్తాయి. ట్రేడింగ్‌లోనూ అంతే అనుకున్నా. 17 వేలు పోయాక గానీ అసలు లెక్క అర్థం కాలేదు.

కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటూ కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. బైక్ డౌన్‌పేమెంట్‌కని అమ్మ చీటీ పాడి డబ్బులు పంపింది. సరిగ్గా అప్పుడే రూమ్మేట్ ఓ విదేశీ యాప్ చూపించాడు. నచ్చిన ట్రేడర్‌ని ఎంచుకుని ‘కాపీ’ నొక్కితే చాలట.. అతను ఏం కొంటే మన ఖాతాలోనూ అదే కొనేస్తుంది! నేను ఎంచుకున్న ట్రేడర్ ఖాతాలో 10 వేల డాలర్లున్నాయి. నేను వేసింది 200.

చిన్న ఖాతా.. పెద్ద లాట్

అతను బంగారం 0.10 లాట్, అంటే 10 ఔన్సులు కొన్నాడు. నా ఖాతా అతనిదాంట్లో 50వ వంతు కాబట్టి నాకు 0.002 లాట్ రావాలి. కానీ ఆ యాప్‌లో కనీసం 0.01 లాట్, అంటే ఒక ఔన్సు కొనాల్సిందే. అలా నాకు తెలియకుండానే అతనికంటే ఐదు రెట్లు రిస్క్ తీసుకున్నా.

ధర పడింది. పడిన ప్రతి 10 డాలర్లకూ అతను మళ్లీ కొంటూ పోయాడు. మొత్తం ఐదుసార్లు. నా ఖాతా కూడా బుద్ధిగా అదే చేసింది. మొదటి ధర నుంచి 60 డాలర్లు పడేసరికి అతని నష్టం 2 వేల డాలర్లు, ఖాతాలో 20 శాతం. మరి నాకు? 60, 50, 40, 30, 20.. కూడితే 200! సరిగ్గా ఆ అంచుకు రాకముందే యాప్ నా ట్రేడ్‌లన్నీ మూసేసింది. మిగిలింది చిల్లర. రెండ్రోజులకు ధర తేరుకుంది. అతను లాభంతో బయటపడ్డాడు.

లెవరేజ్ ఆపలేదు

200 డాలర్లతో ఐదు ఔన్సులు ఎలా కొన్నాననేగా మీ డౌటు? అప్పుడు ఔన్సు 2,600 డాలర్ల దగ్గరుంది. ఐదింటికి 13 వేలు. నా లెవరేజ్ 1:500 కావడంతో 26 డాలర్ల మార్జిన్‌తోనే పనైపోయింది. అదే 1:20 అయితే ఒక్క ఔన్సుకే 130 కావాలి. రెండో ట్రేడ్ తెరుచుకునేదే కాదు. నష్టం 60 దగ్గరుండేది, ధర తేరుకున్నాక నేనూ బయటపడేవాణ్ని. యూరప్‌లో సామాన్య ట్రేడర్లకు బంగారంపై 1:20 మించి ఇవ్వకూడదని 2018లోనే పరిమితి పెట్టారు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

అతనితో సమానంగా రిస్క్ ఉండాలంటే నా ఖాతాలో కనీసం 1,000 డాలర్లుండాలి. అందుకే ఎవర్ని కాపీ చేసినా లాభాల శాతం కాదు, ముందు అతని ఖాతా ఎంత, వాడే అతి చిన్న లాట్ ఎంత అన్నది చూడాలి.

అసలు గేటు దగ్గరే ఆగాల్సింది!

ఇంకో సంగతి ఆలస్యంగా తెలిసింది. ఇండియాలో ఉంటూ ఇలాంటి అనుమతి లేని విదేశీ యాప్‌లలో ఫారెక్స్ ట్రేడింగ్ చేయడం ఫెమా చట్టానికి విరుద్ధం. అలాంటి వాటి పేర్లతో ఆర్‌బీఐ 2022 నుంచే అలర్ట్ లిస్ట్ ఇస్తోంది. రెండు నిమిషాలు వెతికితే కనిపించేది. నేను వెతకలేదు.

‘బైక్ ఎప్పుడు తెస్తావ్‌రా?’ అని అమ్మ అడిగినప్పుడు నిజం చెప్పేశా. తిట్టలేదు. చీటీ వాయిదాలు మాత్రం ఇప్పుడు నా జీతంలోంచే వెళ్తున్నాయి.