ఆగితే తగ్గే నొప్పి

మన పల్లెల్లో యాభై దాటినవారు తరచూ చెప్పే మాట ఒకటుంది. “నడుస్తుంటే గుండెల మీద బండ పెట్టినట్టుంటుంది, కాసేపు నిలబడితే పోతుంది.” దానికి ఇంట్లోవాళ్ళిచ్చే జవాబు కూడా మనకు తెలిసిందే. గ్యాసు! ఒక సోడా తాగు, కాస్త వాము నములు. నిజంగా గ్యాసే అయిన సందర్భాలు లేకపోలేదు. అయితే పొట్టలోని గ్యాసుకు మనం నడుస్తున్నామో కూర్చున్నామో పట్టదు. గట్టు ఎక్కితే వచ్చి, ఆగిన కొద్ది నిమిషాలకే తగ్గి, మళ్ళీ ఎక్కితే మళ్ళీ వచ్చే నొప్పిని గుండె నొప్పిగానే అనుమానించాలి.

ఈ సంగతిని స్పష్టంగా గుర్తించి రాసినవాడు లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్. 1768లో వైద్యుల ముందు ఆయన చదివిన వ్యాసం 1772లో అచ్చయింది. ఎత్తు ఎక్కుతుంటే, అందులోనూ భోజనం చేసిన వెంటనే నడిస్తే వస్తుందనీ, నిలబడితే పోతుందనీ ఆయన గమనించాడు. అప్పుడు ఈసీజీ లేదు, స్కానింగు లేదు. రోగులు చెప్పింది ఓపికగా విన్నాడు, అంతే. దీనికి యాంజైనా పెక్టోరిస్ అని పేరు పెట్టినవాడూ ఆయనే.

అదే నగరంలో పేరుమోసిన శస్త్రవైద్యుడు జాన్ హంటర్‌కు ఈ నొప్పి ఉండేది. కోపం వస్తే చాలు, నొప్పి వచ్చేది. 1793 అక్టోబరులో తాను పనిచేసే ఆస్పత్రి సమావేశంలో మాటామాటా పెరిగి, అక్కడే కుప్పకూలి చనిపోయాడు. శవపరీక్షలో ఆయన గుండెకు రక్తాన్నందించే కరోనరీ ధమనులు గట్టిపడి ఉన్నట్టు తేలింది. సరిహద్దు తగాదాల్లోనూ, సంఘ కమిటీ మీటింగుల్లోనూ గొంతు చించుకునే మన పెద్దలు ఈయనను ఒకసారి తలచుకుంటే మంచిది.

ఆ ధమనుల లోపల కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే, కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం పనిచేసేటప్పుడు చాలదు. పూడిక పడిన కాలువలో నీరు చివరి మడికి అందనట్టే. మనం ఆగితే గుండెకు పని తగ్గుతుంది గనుక నొప్పి తగ్గుతుంది. పూడిక మాత్రం అలాగే ఉంది. అందుకే మర్నాడు అదే గట్టు దగ్గర మళ్ళీ వస్తుంది. ఈ నొప్పి ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకవచ్చు. చక్కెర జబ్బు ఉన్నవారికి, స్త్రీలకు ఒక్కోసారి నొప్పే తెలియదు. ఆయాసం, విపరీతమైన నీరసం మాత్రమే ఉంటాయి. అలాంటివారి విషయంలో ఇంట్లోవాళ్ళు మరింత కనిపెట్టి ఉండాలి.

నాలుక కింద పెట్టుకునే మాత్ర చాలామందికి తెలుసు. సార్బిట్రేట్ ఆ జాతిదే. దీని పూర్వీకుడు నైట్రోగ్లిజరిన్, డైనమైట్‌లో వాడే పదార్థం! డైనమైట్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కే చివరి రోజుల్లో వైద్యులు దాన్ని మందుగా రాశారు. ఈ మాత్రను కూర్చునే వేసుకోవాలి. బీపీ తగ్గి కళ్ళు తిరగవచ్చు. సిల్డెనాఫిల్ వంటి మగతనపు మాత్రలు వాడేవారు సిగ్గుపడక డాక్టరుకు చెప్పాలి. ఆ రెండూ కలిస్తే బీపీ ప్రాణాపాయంగా పడిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా నొప్పి తీరు మారడాన్ని గమనించండి. నిన్నటిదాకా గట్టు ఎక్కితే వచ్చేది ఇవాళ వాకిట్లో నడిచినా వస్తున్నా, కూర్చున్నప్పుడే వస్తున్నా, నిద్రలో లేపుతున్నా అది వేరే దశ. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. మాత్ర పెట్టుకుని ఐదు నిమిషాలైనా తగ్గకపోయినా, చెమటలు పట్టినా 108కి ఫోన్ చేయండి. తెల్లవారనివ్వండి, బస్సు రానివ్వండి అనకండి. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్ళకండి. ధమని పూర్తిగా మూసుకుపోతే ప్రతి నిమిషమూ కొంత గుండె కండరం చచ్చిపోతుంది.

మరి స్టెంటు మాటేమిటి? గుండెపోటు వచ్చినప్పుడు అది ప్రాణం నిలుపుతుంది, సందేహం లేదు. కాని ఎప్పుడూ ఒకే తీరుగా ఉండే నొప్పి సంగతి వేరు. 37 దేశాల్లో 5,179 మంది మీద జరిగి 2020లో అచ్చయిన ఇస్కీమియా అనే అధ్యయనంలో, మందులతో సరిపెట్టినవారికీ, మొదటే స్టెంటో బైపాసో చేయించుకున్నవారికీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తరచూ నొప్పి వచ్చేవారికి మాత్రం స్టెంటు, బైపాసుల వల్ల నొప్పి బాగా తగ్గింది. ప్రధాన ఎడమ ధమనిలో అడ్డున్నవారిని, గుండె బాగా బలహీనపడినవారిని ఈ లెక్కలో చేర్చలేదు. కనుక అదే రాత్రి ఎకరం అమ్మే ముందు, “ఇది ఇప్పుడే చేయాలా, మందులతో చూడవచ్చా?” అని డాక్టరును అడగడం తప్పు కాదని మా అభిప్రాయం. స్టెంటు వేసినా ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్రలు మానకూడదు. బీడీ, చుట్ట మానాలి. ఉపవాస దినాల్లో మాత్రలు తామే ఆపేసేవారిని చూస్తున్నాం. ముందుగా డాక్టరును అడిగి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో రాయించుకోండి.

నాలుక కింది మాత్ర గూట్లో పెట్టెలో దాచేది కాదు, పొలానికి వెళ్ళినా చొక్కా జేబులో ఉండాలి. గడువు తేదీ చూసుకోండి. ఆడవారికి జేబులుండవు గనుక, చీటీతో సహా చిన్న గుడ్డ సంచిలో పెట్టి నడుముకు కట్టుకుంటే చాలు.