ప్రాణము నిలుపు పట్టీ

తెనాలినుండి రేపల్లెకు పోవు బస్సులో నిలుచుండి ప్రయాణము చేయువారికి ఒక అనుభవము తప్పదు. బస్సు వరిచేల నడుమ సాఫీగా పోవుచుండును. ఇంతలో ఒక గేదె రోడ్డునకు అడ్డముగా వచ్చును. డ్రైవరు బ్రేకు త్రొక్కును. బస్సు ఆగును, లోనివారు మాత్రము ఆగరు. నిలుచున్నవారు ముందునకు తూలుదురు. ఒడిలోని సంచులు జారిపడును. కూర్చున్నవారి తలలు ముందుసీటు కమ్మీకి తగులును. వారిని ఎవరును నెట్టలేదు. అంతవరకు వారి శరీరములును బస్సుతో సమానమైన వేగముతో పోవుచుండెను. బస్సును బ్రేకు ఆపినది. వారిని ఆపుటకు ఏదియు లేకపోయెను. చలించుచున్న వస్తువు, వేరొక బలము వచ్చి ఆపువరకు, చలించుచునే యుండునని న్యూటను చెప్పిన సూత్రమునకు ఇంతకంటె సులభమైన నిదర్శనము లేదు.

వేగము ఎక్కువైనంత మాత్రమున మనుష్యునకు హాని కలుగదు. తెనాలితో అనుబంధముగల తెలుగు కుటుంబమునకు చెందిన బండ్ల శిరీష 2021 జూలై 11వ తేదీన ‘యూనిటీ’ అను రాకెట్టు విమానములో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తునకు ఎగిరివచ్చెను. అది ధ్వనివేగమునకు దాదాపు మూడు రెట్ల వేగమును అందుకొన్నది. శిఖరమున కొద్ది నిమిషములపాటు ప్రయాణికులు పట్టీలు విప్పుకొని గాలిలో తేలియాడిరి; క్రిందికి దిగు ఒత్తిడి మొదలుకాక పూర్వమే సీట్లకు చేరి మరల పట్టీలు బిగించుకొనిరి. అంతటి వేగమును వారు క్షేమముగా భరించిరి. ఏలయన, ఆ వేగము క్రమముగా పెరిగి, క్రమముగా తగ్గినది. హాని చేయునది వేగము కాదు, వేగము ఒక్కసారిగా నశించుట.

దీనిని ఒక చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. గంటకు 72 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక గోడను ఢీకొన్నదనుకొందము. కారు సెకనుకు 20 మీటర్లు పోవుచున్నదన్న మాట. అందు 60 కిలోగ్రాముల బరువుగల మనుష్యుడు పట్టీ లేక కూర్చుండెను. కారు ఆగినను అతడు ముందునకు పోయి ఎదుటి పలకకు కొట్టుకొని, సుమారు 10 సెంటీమీటర్ల దూరములో ఆగును. అప్పుడు అతని మీద పడు బలము 12,000 కిలోగ్రాముల బరువునకు, అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు 160 ఒక్కసారి మీదపడుటకు, సమానము. పట్టీ కట్టుకొన్నచో అతడు కారుతోపాటు ఆగును. కారు ముందుభాగము నలుగుటకును, పట్టీ సాగుటకును పట్టు దూరము 80 సెంటీమీటర్లైనచో, ఆ బలము 20 బస్తాలకు తగ్గును. ఆగు దూరము ఎనిమిది రెట్లు పెరిగినది. బలము ఎనిమిదవ వంతైనది. ఆ 20 బస్తాల భారమునైనను పట్టీ శరీరములోని గట్టి ఎముకల మీదికి పంచిపెట్టును. పట్టీ చేయు ఉపకారమంతయు ఇదియే.

నేలమీద అత్యధికవేగముతో కారు నడపవలెనను పట్టుదలగల సాహసికులు ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమున సముద్రతీరములను వెదకికొనిరి. బాపట్లకు సమీపమున సూర్యలంకలో కనిపించునట్లే, అల వెనుకకు తీసినపుడు తడియిసుక చదునుగా, గట్టిగా ఉండును. వేల్స్ దేశములోని పెండైన్ తీరము అట్టిది. 1927 మార్చి 3వ తేదీన అచ్చట పారీ థామస్ అను ఇంజనీరు ‘బాబ్స్’ అను కారును అతివేగముగా నడపుచు ప్రమాదమున మరణించెను. ఆ కారును తీరపు ఇసుకలోనే పూడ్చిపెట్టిరి. 1969లో దానిని త్రవ్వితీసి, కొన్ని సంవత్సరములు శ్రమించి తిరిగి కట్టిరి.

ఆ కాలమున చోదకుని సీటునకు కట్టు ఆచారము లేదు. ప్రమాదము జరిగినపుడు కారునుండి దూరముగా విసరివేయబడుటయే మేలని పెక్కుమంది పందెగాండ్రు నమ్మిరి. ఈ నమ్మకము తప్పని నిరూపించినవారిలో అమెరికా వైమానిక దళపు వైద్యుడు జాన్ పాల్ స్టాప్ ముఖ్యుడు. 1954 డిసెంబరు 10వ తేదీన ఆయన పట్టాలపై నడచు రాకెట్టు బండిలో తన శరీరమును పట్టీలతో బిగించుకొని, గంటకు 1,017 కిలోమీటర్ల వేగమును అందుకొనెను. బండి 1.4 సెకనులలో ఆగెను. ఆ క్షణమున ఆయన శరీరము తన బరువునకు 46 రెట్ల ఒత్తిడిని భరించినది. కన్నులలోని రక్తనాళములు చిట్లి కొంతసేపు చూపు పోయెను, మరల వచ్చెను. ఆయన 1999 వరకు జీవించెను. చక్కగా కట్టబడిన శరీరము, అంతవరకు అనుకొన్నదానికంటె ఎక్కువ ఒత్తిడిని ఓర్వగలదని లోకము గ్రహించినది.

ఇసుకతీరములు చాలకపోగా వేగపు కార్లు ఉప్పుమైదానములకు చేరినవి. 1960 సెప్టెంబరు 16న అమెరికాలోని బానవిల్ మైదానమున డొనాల్డ్ కాంబెల్ నడపిన ‘బ్లూబర్డ్’ గంటకు 580 కిలోమీటర్ల వేగమున అదుపు తప్పి, గాలిలోకి లేచి పల్టీలు కొట్టెను. పైలెక్కలోని కారుకంటె ఇది ఎనిమిది రెట్ల వేగము. దానిలోని శక్తి మాత్రము టన్నుకు టన్ను చూచినను అరువదినాలుగు రెట్లు. ఆ శక్తి చాల దూరముమీద ఖర్చు పడుటవలన కాంబెల్ తల ఎముక చిట్లియు బ్రతికెను. కారును తిరిగి కట్టి, ఎత్తైన తోకరెక్క అమర్చిరి. 1964 జూలై 17న ఆస్ట్రేలియాలోని ఐర్ సరస్సు ఎండుమడుగుమీద ఆయన ఆ కారునే గంటకు 648 కిలోమీటర్లకు పైగా నడపి నేలమీది రికార్డు సాధించెను. కారును తిరిగి కట్టవచ్చును. మనుష్యుని తిరిగి కట్టుట సాధ్యము కాదు. కావున పాత పందెపుకారును మరల పరుగునకు సిద్ధపరచువారు యంత్రమునకు చూపు శ్రద్ధను పట్టీలకును చూపవలెను.

మొదట చూడవలసినది పట్టీని కాదు, పట్టీని బిగించు చోటును. పలుపు ఎంత గట్టిదైనను గుంజ ఊడినచో గేదె నిలువదు. కారు అడుగున ఉండు పలుచని రేకునకు పట్టీని బిగించినచో, ప్రమాదమున బోల్టు రేకును చీల్చుకొని వచ్చును. పట్టీలను చోదకుని చుట్టునుండు ఇనుప గొట్టముల చట్రమునకు, లేదా దానికి అతికిన దళసరి పలకలకు బిగించుదురు.

రెండవది శరీరముపై పట్టీ ఉండు స్థానము. నడుముపట్టీ పొట్టమీద ఉండరాదు. తుంటి ఎముకలను పట్టి బిగువుగా ఉండవలెను. పొట్టమీద నున్నచో కాలేయము, ప్లీహము మొదలగు మెత్తని అవయవములు నలుగును. భుజములమీదుగా రెండు పట్టీలు వచ్చును. అవి లాగినపుడు నడుముపట్టీ పైకి లేచి, శరీరము దాని క్రిందుగా జారిపోవచ్చును. అట్లు జారకుండుటకు కాళ్ల నడుమ ఒకటి లేక రెండు పట్టీలు అమర్చుదురు.

మూడవది పట్టీ పోవు దిశ. భుజపట్టీలు భుజముల ఎత్తున, లేదా కొంచెము దిగువగా, వెనుకకు పోవలెను. వాటిని సీటు వెనుక నేలకు బిగించినచో, దెబ్బ తగిలినపుడు అవి భుజములను క్రిందికి లాగి వెన్నెముకను అణచివేయును. పట్టీ వీలైనంత పొట్టిగా ఉండవలెను. పొడవైనది ఎక్కువ సాగును. మెలిపడరాదు, పదునైన అంచులకు ఒరయరాదు.

శరీరము నిలిచినను తల ముందునకు విసరును. శిరస్త్రాణముతో కూడిన తల బరువు సుమారు 6 కిలోలు. పై లెక్కలోని ఒత్తిడి 25 రెట్లు. అనగా మెడపై రెండు బస్తాల భారము పడును. అందుచేత మెడకాపుగా భుజపట్టీల క్రింద ఇమిడి, శిరస్త్రాణమును త్రాళ్లతో పట్టియుంచు ఒక సాధనమును వాడుదురు. 2003నుండి ఫార్ములా వన్ పందెములలో అది తప్పనిసరి.

పట్టీకి వయస్సు కలదు. ఎండ, నూనె, చెమట దాని పోగులను క్షీణింపజేయును. పైకి చూచిన క్రొత్తదివలె నుండియు లోపల సత్తువ తగ్గియుండును. అందువలన పందెపు పట్టీలపై తయారైన తేదీ ముద్రింతురు. కొన్ని నియమముల ప్రకారము రెండేండ్లకే మార్చవలెను. ఒకసారి ప్రమాదమును ఓర్చిన పట్టీ సాగిపోయియుండును. దానిని మరల వాడరాదు.

బిగించుట ఎంత ముఖ్యమో విప్పుటయు అంత ముఖ్యము. 1964 అక్టోబరు 15న క్రెయిగ్ బ్రీడ్లవ్ బానవిల్‌లో గంటకు సుమారు 847 కిలోమీటర్ల సగటు వేగము సాధించిన పిదప, వేగము తగ్గించు పారాచూట్లు తెగిపోయెను. కారు అదుపుతప్పి ఒక గట్టును దాటి ఉప్పునీటి మడుగులో మునిగెను. ఆయన కారునుండి వెలువడి ఈది బయటపడెను. కట్టులు విడివడనిచో ఆ నీటిలో వాటివలననే ప్రాణము పోవును. కావున ఒక్క చేతితో, ఒక్క కదలికతో, పట్టీలన్నియు విడివడునట్లు కొక్కెమును నిర్మింతురు.

పందెపుకార్లలో ఆరు పట్టీలు చేయు పనిని సామాన్యపు కారులో ఒకే పట్టీ మూడు చోట్ల పట్టి చేయును. దీనిని 1959లో నీల్స్ బోలిన్ అను స్వీడన్ ఇంజనీరు రూపొందించెను. ఆయన పనిచేసిన వోల్వో కంపెనీ ఆ నిర్మాణమును ఎల్లరు వాడుకొనుటకు అనుమతించినది. మన దేశమున 1994నుండి తయారైన కార్లలో ముందుసీట్లకు ఈ పట్టీ తప్పనిసరియైనది. తరువాత ఆ నియమము వెనుకసీట్లకును వర్తించినది. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము పట్టీ కట్టనివారికి వెయ్యి రూపాయల జుల్మానా కలదు.

216వ జాతీయ రహదారి రేపల్లె, బాపట్ల ప్రాంతముల గుండా పోవుచున్నది. ఆ దారిన కారులో కూర్చున్నవాడు పందెగాడు కాకపోవచ్చును. అయినను అతనికిని, ఉప్పుమైదానమున పోవు పందెగానికిని వర్తించు ప్రకృతి సూత్రము ఒక్కటే. కారు ఆగును, శరీరము ఆగదు. ఆ రెండింటిని కలిపి ఆపునది ఆ పట్టీ యొక్కటే. దానిని కట్టుకొనుటకు పట్టు కాలము రెండు సెకనులు.