వార్తల్లో పదం: ఆర్‌సింక్

ఫైళ్లను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి చేర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. పలు యూనిక్స్ యంత్రాల ఫైళ్లను ఒకే కేంద్ర సర్వర్‌లో బ్యాకప్‌గా దాచడానికీ దీన్ని వాడతారు. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996లో విడుదల చేశారు. మొదటిసారి ఫైలు మొత్తం వెళ్తుంది. ఆ తర్వాత మారిన భాగాలే వెళ్తాయి. పనులను వేళకు నడిపే క్రాన్ అనే ప్రోగ్రామ్‌తో దీన్ని రోజూ నడిపించవచ్చు. ఎస్ఎస్‌హెచ్ అనే సురక్షిత అనుసంధానం ద్వారా పంపితే దారిలో ఎవరూ చదవలేరు.

యంత్రాలు పంపడం కంటే సర్వరే వెళ్లి తెచ్చుకోవడం మేలు. అప్పుడు ఒక యంత్రంలోకి చొరబడినవాడికి బ్యాకప్‌లను చెరిపే అధికారం దక్కదు. అయితే అన్ని యంత్రాల్లోకీ వెళ్లే ఎస్ఎస్‌హెచ్ కీలు సర్వర్‌లోనే ఉంటాయి కనుక దానికి అన్నిటికంటే గట్టి కాపలా కావాలి. ఆ కీలకు యంత్రాల్లోని ఫైళ్లను చదివే అనుమతి మాత్రమే ఇవ్వాలి.

2025 జనవరిలో ఆర్‌సింక్‌లో తీవ్రమైన భద్రతా లోపాలు బయటపడ్డాయి. 3.4.0 వెర్షన్‌లో వాటిని సరిదిద్దారు. పాతది వాడుతున్నవారు వెంటనే మార్చుకోవాలి.